పాత కంప్యూటరు: బాగుచేయింపవలెనా, మార్చవలెనా?

పోయిన వేసవి సెలవులలో మా విద్యార్థి తండ్రి యొకరు మమ్ము చూడవచ్చినారు. వారి ఇంటి కంప్యూటరు మీట నొక్కిన అయిదారు నిమిషములకు గాని పని ప్రారంభింపదట. అంగడివారు అది ఇక పనికిరాదనినారట. క్రొత్తదానికై ఇల్లాలి గాజులు కుదువ పెట్టవలెనా యని ఆయన ప్రశ్న. ఇట్టి ప్రశ్న మన తల్లిదండ్రులలో పెక్కుమందికి కలదు గనుక, మేము పనిచేసి నేర్చుకొన్నంతమట్టుకు ఇచట వ్రాయుచున్నాము.

మొదట రోగమేదో తెలిసికొనవలెను. నెమ్మదితనమంతయు ముసలితనము కాదు. పాత యంత్రములలోని హార్డ్ డిస్కులో పళ్ళెమొకటి గిరగిర తిరుగుచుండగా, సన్నని చేయి దానిపై అటునిటు జరిగి వెదకి చదువును. ఈ వెదకులాటయే ఆలస్యమునకు మూలము. దాని స్థానమున కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి. పెట్టినచో నిమిషములలో జరుగు పని సెకండ్లలో జరుగును. రెండవది ర్యామ్. దీనిని చదువుకొను బల్లగా భావింపుడు. బల్ల చిన్నదైనచో ఒక పుస్తకము తెరచుటకు మరియొకటి బీరువాలో పెట్టవలసి వచ్చును. 4 జి.బి. ఉన్నచోట 8 చేసిన చాల ఊరట కలుగును. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడును ఒక్కసారి నొక్కిన టాస్క్ మేనేజరు కనబడును. అందు డిస్కు ఎల్లప్పుడు 100 శాతము చూపుచున్న మొదటి రోగము. మెమొరీ 90 దాటుచున్న రెండవది. గడియారము మాటిమాటికి వెనుకకు పోవుచున్నచో అది సాధారణముగా సి.ఆర్.2032 అను బిళ్ళ బ్యాటరీ అయిపోవుటయే. కొద్ది రూపాయల పని.

ర్యామ్ కొనుటలో మేము చేసిన తప్పు మీరు చేయవద్దు. పాఠశాల యంత్రమునకు డి.డి.ఆర్.3 కావలసియుండగా డి.డి.ఆర్.4 కొనితెచ్చితిమి. గాడి వేరు, ఇమడలేదు. తిరిగి తీసికొనుటకు అంగడివారు ఒప్పుకొనలేదు. కొన్ని ల్యాప్‌టాపులలో ర్యామ్ బోర్డునకే అతుకబడి యుండును. అది కూడ ముందే చూచుకొనవలెను.

అయితే అన్ని యంత్రములును బాగుచేయదగినవి కావు. విండోస్ 10 నకు మామూలుగా వచ్చు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. విండోస్ 11 కావలెనన్న టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటు, ఇంటెల్ ప్రాసెసరైనచో సుమారుగా 8వ తరమునుండి మొదలైనది ఉండవలెను. తరము పేరులోనే తెలియును: ఐ3-4130 నాలుగవ తరము, ఐ5-8250యు ఎనిమిదవది. నాలుగవ తరపుదానికి ఎంత ర్యామ్ పెట్టించినను ఈ అర్హత రాదు. చదువుటకు, వ్రాయుటకు మాత్రమే అయినచో ఉచితముగా లభించు లినక్స్ మింట్ వంటివి దానిపై నడచును. తెలుగు కూడ వ్రాయవచ్చును. పిల్లవానికి కావలసిన ప్రోగ్రాము విండోసుపైననే నడచునదైనను, మదర్‌బోర్డే చెడినను మార్చుటయే మేలు. మరమ్మతు ఖర్చు క్రొత్తదాని వెలలో సగము దాటినచో మేము ఒప్పుకొనము. ఇది శాస్త్రము కాదు, సంసారి లెక్క.

మార్చువారికి మన భాషకు సంబంధించిన చిక్కొకటి కలదు. పూర్వము ‘అనూ’ ఫాంట్లతో టైపు చేసిన కథలు, పద్యములు, సంఘపు జాబులు ఆ ఫాంట్లు లేని క్రొత్త యంత్రములో అర్థము లేని రోమను అక్షరములుగా కనబడును. పాతదానిని అమ్ముటకు ముందే వానిని పి.డి.ఎఫ్.గా భద్రపరచి, వీలైనంతవరకు యూనికోడులోనికి మార్చుకొనవలెను. మన ఊరి డి.టి.పి. అంగళ్ళలో తెలుగు వచ్చినవారు అరుదు.

ఆ తండ్రిగారి యంత్రము ఎనిమిదవ తరముదే. ఒక ఎస్.ఎస్.డి., 4 జి.బి. ర్యామ్ వేయించినారు. గాజులు కుదువకు పోలేదు. వారి అబ్బాయి ఈ సంచికకు పంపిన వ్యాసము దానిమీద టైపు చేసినదే.