పదో రోజు కూడా కనిపెట్టి ఉండండి

ఆటోనగర్ బాడీ బిల్డింగ్ షెడ్లలో, లేత్‌ల దగ్గర పనిచేసే తండ్రులు పిల్లలకు తరచూ చెప్పే మాట ఒకటుంది: ‘నేను పానా పట్టాను, నువ్వు పట్టకూడదు.’ అందులో ఉన్నది ప్రేమే. కానీ ఇంటర్ చదివే పిల్లాడికి అది రోజూ మోయాల్సిన బరువు కూడా. అలాంటి బరువు మెదడును ఏం చేస్తుందో బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకల్లో పరీక్షించింది. వాళ్లు ప్రచురించిన పత్రాల్లో మూడు తల్లిదండ్రులకు పనికొస్తాయని నాకనిపిస్తుంది.

2002లో వచ్చిన పత్రం కోసం ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలనివ్వకుండా ఉంచారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. భయానికి కేంద్రమైన అమిగ్డలాలో మాత్రం అవి ఇంకా గుబురుగా పెరిగాయి. 2004 నాటి పత్రంలో, అలా నలిగిన ఎలుకలకు 21 రోజులు పూర్తి విశ్రాంతి ఇచ్చి చూశారు. హిప్పోకాంపస్ తేరుకుంది, అమిగ్డలా తేరుకోలేదు. బెదురూ పోలేదు. ఓవర్‌లోడుతో తిరిగిన లారీకి సరుకు దించేశాక కూడా కమాన్ కట్టలు కుంగే ఉండటం మీకు తెలియంది కాదు.

మూడోది, 2005 నాటిది, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఈసారి బంధించింది ఒక్కసారే, రెండు గంటలే. మర్నాడు చూస్తే తేడా ఏమీ లేదు. పది రోజుల తర్వాత అమిగ్డలాలో నాడీకణాల మధ్య కొత్త అతుకులు మొలిచాయి, ఎలుకల్లో బెదురు పెరిగింది.

ఎలుక లెక్కను పిల్లలకు ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు. పది అనే అంకెకూ మహిమ లేదు. అయినా ఏప్రిల్‌లో ఫలితాలొచ్చిన సాయంత్రాన్ని ఒకసారి తలచుకోండి. మార్కులు తగ్గాయి, చుట్టాలు ఫోన్లు చేశారు, మీరూ నాలుగు మాటలన్నారు. పిల్ల అన్నం తింది, పడుకుంది. ‘పర్లేదు, బాగానే తట్టుకుంది’ అనుకుని మీరు పనిలో పడిపోతారు. అసలు చూడాల్సింది ఆ తర్వాతి వారాల్లో. నిద్ర చెదిరిందా, పిలిస్తే ఉలిక్కిపడుతోందా, స్నేహితురాలు వస్తే గదిలోంచి బయటికి రావడం లేదా? అడగాల్సి వస్తే మార్కుల ఊసెత్తకుండా అడగండి. సప్లిమెంటరీ ఫీజు సంగతి మర్నాడు మాట్లాడుకోవచ్చు.

హాస్టల్ నుంచి సంక్రాంతికి వచ్చినవాడు సెలవుల్లో తనంతట తనే కుదుటపడతాడన్న నమ్మకమూ ‘బాగానే తట్టుకుంది’ అనుకోవడం లాంటిదే. బెంగళూరులోనే నిమ్హాన్స్‌లో బి. ఎస్. శంకరనారాయణరావు బృందం, ఒత్తిడికి గురైన ఎలుకలను తోటి ఎలుకలతో, మారుతుండే ఆటవస్తువులతో పెద్ద గూళ్లలో ఉంచితే వాటి నేర్చుకునే శక్తి మెరుగుపడుతుందని చూపింది. ఊరికే పడుకోబెట్టడం కంటే తోడు, ఆట, కొత్తదనం మేలన్నమాట. బాబాయి పిల్లలతో క్రికెట్ ఆడనివ్వండి. సెలవుల్లో పొద్దున్నే మెటీరియల్ ముందేసుకుని కూర్చోబెట్టకండి.

ఇంకొకటి, కాస్త చనువు తీసుకుని చెబుతున్నాను. ‘చదవకపోతే షెడ్డులో పడేస్తా’ అనే బెదిరింపు మానేయండి. మీ చేతిపనిని మీరే శిక్షగా చూపిస్తున్నారు. సెలవురోజున వాణ్ణి షెడ్డుకు తీసుకెళ్లి ఇంజన్ విప్పి చూపించండి, అదీ వాడికి కొత్తదనమే.

ఇవన్నీ చేసినా బెదురు తగ్గకపోతే సైకియాట్రిస్టుకు చూపించడానికి మొహమాటపడొద్దు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలు ‘చచ్చిపోవాలనిపిస్తోంది’ అంటే దాన్ని నాటకమనుకోకండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండండి, ఫోన్ అప్పుడే చేయండి.