పెద్దపేగు క్యాన్సర్ నిర్ధారణలో పెర్ఫ్యూజన్ స్కాన్

మలంతో రక్తం పడితే తెలుగువారు మొలలంటారు. ధర్మపురిలోని ఇరుగుపొరుగు తమిళులు మూలమంటారు. తరచుగా అది నిజమే. అయితే ఆ ఒక్క మాటతో విచారణ ముగించడం ప్రమాదకరం, ఎందుకంటే పెద్దపేగు క్యాన్సర్ తొలి సూచన కూడా ఆ రక్తమే కావచ్చు.

సాధారణ సీటీ స్కాన్ పేగు ఆకారాన్ని చూపుతుంది. పేగు గోడ మందంగా కనిపించినప్పుడు అది క్యాన్సరా, లేక గోడలో ఏర్పడిన చిన్న సంచులు వాచే డైవర్టిక్యులైటిస్ అనే వ్యాధా అన్నది ఒక్కోసారి తేలదు. అటువంటి సందేహంలో తోడ్పడగలదని వైద్యులు పరిశీలించిన పద్ధతి పెర్ఫ్యూజన్ స్కాన్. ఇది ఆ భాగంలోని రక్తప్రసరణను కొలుస్తుంది.

క్యాన్సర్ గడ్డ పెరగడానికి కొత్త రక్తనాళాలు అవసరమని అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. ఆ నాళాలు క్రమం లేకుండా అల్లుకుంటాయి. వాటి గోడలు బిగువుగా ఉండవు. స్కాన్‌లో చేతి రక్తనాళంలోకి అయోడిన్ గల మందు ఎక్కించి, పేగులోని అదే భాగాన్ని కొన్ని క్షణాలకొకసారి చిత్రిస్తారు. తూము తెరిచాక ఏ మడికి నీరు ముందు చేరింది, ఎంత నిలిచింది, ఎంత ఇంకింది అని రైతు గమనించడం వంటిదే ఇది. కంప్యూటరు ఆ లెక్కలను రంగుల పటంగా చూపుతుంది.

2007లో ‘రేడియాలజీ’ పత్రికలో వెలువడిన బ్రిటన్ అధ్యయనం ఈ రెండు వ్యాధుల కొలతల్లో గణనీయమైన తేడాను గుర్తించింది. క్యాన్సర్‌లో రక్తం ఎక్కువగా, వేగంగా ప్రవహిస్తుంది. కాని వాపులోనూ ప్రసరణ పెరుగుతుంది కనుక కొందరిలో అంకెలు కలిసిపోతాయి. అందుచేత ఈ స్కాన్ అనుమానాన్ని బలపరచగలదే గాని తీర్పు చెప్పలేదు. కొలనోస్కోపీలో తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించాకే వ్యాధి నిర్ధారణ అవుతుంది. ముందురోజు పేగు శుభ్రపరచుకోవడం కష్టమని, స్కాన్‌తో సరిపెట్టమని కోరేవారుంటారు. ఆ కోరిక తీర్చగల యంత్రం ఇది కాదు. పైగా ఇది అన్ని ఆసుపత్రులలో నిత్యం జరిగే పరీక్ష కూడా కాదు.

ఒకే చోటును పలుమార్లు చిత్రించడం వల్ల రేడియేషన్ పెరుగుతుంది. మూత్రపిండాల జబ్బు, గర్భం, అయోడిన్ మందు పడకపోవడం, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడకం వంటివి ముందే తెలియజేయాలి.

ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించుకునేటప్పుడు తమిళం తడబడినా “మలత్తిల్ రత్తం వరుదు” అంటే వైద్యులకు అర్థమవుతుంది. ఎన్నాళ్లుగా పడుతోందో, బరువు తగ్గిందో, రక్తహీనత ఉందో, కుటుంబంలో ఎవరికైనా ఈ వ్యాధి వచ్చిందో అప్పుడే చెప్పాలి.