దుంగ దొర్లితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మా ఆయనకు నలభై ఏళ్ళు. టింబరు డిపోలో ముఠా మేస్త్రీ కింద హమాలీ. పేర్చిన దుంగల్లో కిందిది లాగుతుంటే పైది దొర్లి తొడ ఎముక విరిగింది. ఓనరు పాతిక వేలిచ్చి, ఇకపై ఏమీ అడగనని రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ‘చూసుకోకుండా లాగింది అతనే. పైగా అతను మేస్త్రీ మనిషి, నా మనిషి కాదు’ అంటున్నాడు. మాకు దారేమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా. ముందు ఆ కాగితానికి భయపడకండి. పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా అది చెల్లదని 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టమే చెప్పింది. ఆ చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయినా, ఈ మూల సూత్రాలు మారలేదు.

మేస్త్రీ మనిషి అన్న మాటా నిలబడదు. దుంగలు దించడం, పేర్చడం డిపో వ్యాపారంలో భాగమే కాబట్టి పరిహారం ఓనరునే అడగవచ్చు. మేస్త్రీ దగ్గర రాబట్టుకోవడం ఆయన తలనొప్పి. మస్టరులో పేరు లేదనో, రోజుకూలీ అనో తప్పించుకోలేడు.

ఇక ‘చూసుకోలేదు’ అన్న నింద. అజాగ్రత్త ఒక్కటే పరిహారాన్ని ఆపదు. తాగి ఉన్నాడనో, భద్రతా ఆదేశాన్ని కావాలని ధిక్కరించాడనో రుజువు కావాలి. అసలు ఆదేశమంటూ ఒకటి ఉంటే కదా! మూడు మీటర్ల పొడవు, ముప్పై సెంటీమీటర్ల మందం ఉన్న టేకు దుంగ ఎండినదైనా 130 కిలోలు దాటుతుంది. దెబ్బ తగిలేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్లోనే ఉండేది. దుంగలు దొర్లకుండా రెండు వైపులా ఆపులు వేయించడం, పైనుంచే తీయించడం, మోకులు, క్రేను సమకూర్చడం యజమాని పని. కిందిది లాగమన్నది ఎవరో, ఆపులు ఉన్నాయో లేవో తోటి హమాలీలు చెప్పగలిగితే కేసు బలపడుతుంది.

ఎంత వస్తుంది? జీతం నెలకు పదిహేను వేలు, సంపాదనా శక్తి ముప్పై శాతం పోయిందని డాక్టరు తేల్చారనుకుందాం. జీతంలో అరవై శాతం, అంటే 9,000ను నలభై ఏళ్ళ వయసుకు చట్టం ఇచ్చిన 184.17తో హెచ్చవేస్తే 16,57,530. అందులో ముప్పై శాతం 4,97,259 రూపాయలు. పాతిక వేలు ఎక్కడ, ఇదెక్కడ! వైద్యం ఖర్చు దీనికి అదనం. నెలలోగా చెల్లించకపోతే వడ్డీ, సరైన కారణం లేకపోతే అసలులో సగం దాకా పెనాల్టీ కూడా పడొచ్చు. అయితే మీ ఆయనకు ఈఎస్ఐ ఉంటే ఈ పరిహారం బదులు అక్కడి ప్రయోజనాలే వస్తాయి. ముందు అది కనుక్కోండి.

సాక్ష్యాలు చెదిరిపోకముందే పోగుచేయండి. ఆసుపత్రి ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రికార్డు, కూలి ఫోన్‌పేలో పడితే ఆ వివరాలు అట్టేపెట్టండి. ఆ లోడుకు అటవీ శాఖ ఇచ్చిన రవాణా పర్మిట్ నకలు దొరికితే మరీ మంచిది, దుంగల సంఖ్య, కొలతలు అందులో ఉంటాయి.

ప్రమాదం గురించి ఓనరుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, రెండేళ్ళలోగా కార్మిక శాఖ డిప్యూటీ లేదా అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. కార్మికుడిగా మీ ఆయనకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి.