పిట్టకు గింజలు చాలుతున్నాయా?

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: పాత ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్లు సెకండ్ హ్యాండ్‌లో దొరికాయి. వెనక 4 ఓమ్స్ అని ఉంది. మల్టీమీటర్ పెడితే 3.4 చూపిస్తోంది. వాటికోసం అరచేతిలో పట్టేంత క్లాస్ డి ఆంప్లిఫయర్ కొన్నాను. డబ్బా మీద 100 + 100 వాట్లని రాశారు. పిట్ట కొంచెం కూత ఘనం అని మురిసిపోయాను. సౌండ్ పెంచి నాదస్వర కచేరీ పెడితే మాత్రం డోలు గట్టిగా మోగినప్పుడల్లా పాట ఆగి, నీలం లైటు ఆరి మళ్లీ వెలుగుతోంది. అడాప్టర్ మీద 24 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉంది. ఇలాంటి స్పీకర్లకు ఈ చిన్నవి పనికిరావా? షాపాయన బండలాంటి పాత ఆంప్లిఫయరే కొనమంటున్నాడు.
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీ పిట్టకు గొంతు ఉందండీ. గింజలే చాలడం లేదు.

అడాప్టర్ లెక్క చూడండి. 24ని 5తో గుణిస్తే 120 వాట్లు. లోపలికి 120 పోతుంటే బయటికి 200 ఎక్కడినుంచి వస్తాయి? క్షణకాలం కెపాసిటర్లు ఆదుకుంటాయి గానీ, డోలు వాయించేవాడు క్షణంతో ఊరుకోడు కదా.

ఇక ఓమ్స్ సంగతి. 24 వోల్టుల దగ్గర 8 ఓమ్స్ స్పీకర్ మహా అయితే 3 ఆంపియర్లు లాగుతుంది. 4 ఓమ్స్‌ది 6, 3 ఓమ్స్‌ది 8. అదీ ఒక్కో స్పీకర్‌కి. మల్టీమీటర్ చూపేది డిసి రెసిస్టెన్స్ మాత్రమే. పాట నడిచేటప్పుడు స్వరం స్వరానికీ ఇంపెడెన్స్ మారుతూ ఉంటుంది. 4 అని రాసినది 3.2 వరకు దిగొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. అంతకన్నా కిందికి జారేవీ ఉన్నాయి. 1980లలో వచ్చిన అపోజీ సింటిల్లా 1 ఓమ్ దగ్గర కూర్చుని పెద్దపెద్ద ఆంప్లిఫయర్లకే చెమటలు పట్టించింది.

ఇలాంటి డబ్బాల్లో తరచు కనిపించే చిప్ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టిపిఎ3116. 21 వోల్టులు, 4 ఓమ్స్ మీద ఛానల్‌కు 50 వాట్లని ఆ కంపెనీ పత్రమే చెబుతుంది. అదీ 10 శాతం డిస్టార్షన్‌తో. స్టీరియోగా వాడితే స్పీకర్ 3.2 ఓమ్స్‌కి తగ్గకూడదనీ రాసి ఉంది. డబ్బా మీది 100కి, పత్రంలోని 50కి తేడా మీకే తెలుస్తోంది.

అలాగని క్లాస్ డి పద్ధతినే తప్పు పట్టకండి. గోడకు ఉండే పాతకాలపు ఫ్యాన్ రెగ్యులేటర్ గుర్తుందా? ఒకటో నంబర్లో పెడితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. పాత ఆంప్లిఫయర్లలో ట్రాన్సిస్టర్ అలాగే సగం తెరుచుకుని, మిగిలిన కరెంటును వేడిగా పోగొడుతుంది. క్లాస్ డి ట్రాన్సిస్టర్ అయితే పూర్తిగా తెరుచుకుంటుంది, లేదా పూర్తిగా మూసుకుంటుంది. సెకనుకు కొన్ని లక్షలసార్లు ఇదే పని. వేడి తక్కువ కాబట్టి, తక్కువ ఓమ్స్‌కు నిజానికి ఇదే అనువైన పద్ధతి. బ్రూనో పుట్జీస్ రూపొందించిన హైపెక్స్ ఎన్‌కోర్ ఎన్‌సి400 మాడ్యూల్ 4 ఓమ్స్‌కి 400 వాట్లిస్తుంది, 2 ఓమ్స్‌నూ మోస్తుంది. సరిపడా పవర్ సప్లై ఇస్తేనే సుమా.

ముందు వోల్టులు పెంచకుండా ఆంపియర్లు పెంచండి: 24 వోల్టులు, 10 ఆంపియర్ల అడాప్టర్. 36 వోల్టులదైతే మరీ బలం వస్తుందని ఎవరైనా అంటే వినకండి. ఆ చిప్‌కు 26కి మించి ఇవ్వకూడదు. కొత్త అడాప్టర్‌తో లైటు వెలుగుతూనే ఉండి పాట మాత్రం ఆగుతుంటే, చిప్ తన్ను తాను కాపాడుకుంటోందని అర్థం. అప్పుడు స్పీకర్‌కొకటి చొప్పున మోనో ఆంప్లిఫయర్లు రెండు తీసుకోండి. షాపాయన మాట వింటే, ఆ పాతదాని వెనక 4 ఓమ్స్ అని రాసుందో లేదో చూసే డబ్బులివ్వండి. 6 నుంచి 8 ఓమ్స్ వరకే అని రాసినవి చాలా ఉన్నాయి.

ప్రశ్న: స్పీకర్ మారిస్తే క్లాస్ డి సౌండే మారిపోతుందంటారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కొన్నిటిలో నిజమే. చివర్లో ఉండే కాయిల్, కెపాసిటర్ల ఫిల్టర్ ఒక ఓమ్స్ విలువను దృష్టిలో పెట్టుకుని చేసింది. ఓమ్స్ ఎక్కువైతే పై అంచు స్వరాలు కాస్త లేస్తాయి, తక్కువైతే కుంగుతాయి. తాళాల మెరుపులో ఆ తేడా పట్టుకోవచ్చు. ఫిల్టర్ దాటాక ఫీడ్‌బ్యాక్ తీసుకునే డిజైన్లలో ఈ బెడద దాదాపు ఉండదు. కొనేముందు అడగాల్సింది అదే.

ప్రశ్న: రెండు స్పీకర్ల నల్ల వైర్లు కలిపి ఒకటే లాగొచ్చా? వైరు మిగులుతుంది.
- ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: వద్దు. పాత ఆంప్లిఫయర్లలో నల్ల టెర్మినల్ ఎర్త్‌కి కలిసి ఉండేది కాబట్టి చెల్లింది. ఈ చిన్నవాటిలో చాలావరకు ఎరుపుతో పాటు నలుపులోనూ సిగ్నల్ ఉంటుంది. రెండు నలుపులూ కలిపితే రెండు ఛానల్స్‌నీ షార్ట్ చేసినట్టే. అలా కలిపి నేను కాల్చిన బోర్డు ఒకటి ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. కాయిల్ పక్కన గోరంత నల్లమచ్చ. నాకు మిగిలింది నాలుగు మీటర్ల వైరు.