బాలబాలికల స్థూలకాయము

మన ధర్మవరము వంటి మెట్టసీమలో బొద్దుబిడ్డను చూచినచో పెద్దలకు కన్నుల పండువు. దిష్టి తగులునని తల్లి బుగ్గన చుక్క పెట్టును. ఇందుకు హేతువు లేకపోలేదు. 1876-78 నాటి ధాత కరవు వంటివాని నెదుర్కొన్న సీమ యిది. ఒంటిపై నాలుగు వీశెల క్రొవ్వున్న బిడ్డ బ్రతికి బయటపడునని నాటివారి యాశ. నేటి బిడ్డలను సైతము మన మా చూపుతోనే చూచుచున్నాము.

5 మొదలు 19 ఏండ్లలోపు స్థూలకాయులు ప్రపంచమున 1990లో సుమారు 3 కోట్ల 10 లక్షలు. 2022 నాటికి సుమారు 16 కోట్లు. మన దేశముననే కోటి పాతిక లక్షలు. అట్లని లేమి తీరినదా? 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో అయిదేండ్లలోపు బిడ్డలు నూటికి 35 మందికి పైగా వయస్సునకు దగిన యెత్తు లేనివారే. గిడసబాఱిన బిడ్డయు, లావెక్కిన బిడ్డయు నొకే వీథిలో నున్నారు.

పూనా వైద్యులు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు అచ్చటి పల్లెల శిశువులను ఆంగ్లదేశపు శిశువులతో పోల్చి చూచిరి. మనవారు బరువున తక్కువ, కండ తక్కువ; క్రొవ్వు మాత్ర మంతగా తగ్గలేదు. అట్టి యొడలికి పిదప తీపియు నూనెయు మితిమీఱినచో మధుమేహము త్వరగా చేరును.

మగ్గపు గుంతలో దినమంతయు కాళ్లాడించిన తాతకు రాగిసంగటి యెంత తిన్నను అరిగిపోయెడిది. మనుమడు ఆటోలో బడికి వచ్చును. 300 మిల్లీలీటర్ల కోలా పానీయమున సుమారు 30 గ్రాముల పంచదార యుండును. దినమంతటికి 25 గ్రాములు మించకున్న మేలని ప్రపంచారోగ్య సంస్థ సూచన. అయిదు రూపాయల చిరుతిండి పొట్లము కూలివాని బిడ్డకు నందును గనుక నిది ధనికుల జాడ్యమనుట చెల్లదు.

తరగతిలో లావైన బాలునికి పరిహాసపు పేరు పెట్టుట మన పిల్లల వాడుక. వాడు సిగ్గిలి ఆటస్థలమునకు రాడు. రోజున కొక గంట యాట యెవరికన్న వానికే యెక్కువ యవసరము. పరీక్షలు సమీపింపగనే ఆటల గంటను లెక్కల పాఠము మ్రింగివేయుట వేఱొక కథ.

తల్లిదండ్రులు బిడ్డకు పస్తు పెట్టరాదు. అది యెదుగు వయస్సు. ఏటికి రెండుమార్లు ఎత్తును బరువును కొలిపించి వ్రాసియుంచి, ఎత్తునకు మించి బరువు పెరుగుచున్నచో వైద్యునకు చూపవలెను. 2023లో మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో రాగిజావ పోయ నారంభించిరి. ఇంటను కాచుకొనవచ్చును, బెల్లము కొంచెము తగ్గించి.