దోతోంబోరి దీపాలు

జపానులోని ఒసాకా నగరానికి ఎదో యుగంలో 'దేశపు వంటశాల' అని పేరు. దేశం నలుమూలల నుండి వచ్చే బియ్యం ఇక్కడి వర్తకుల చేతుల మీదుగానే సాగేది. భోజనప్రీతితో ఆస్తి కరిగించుకొనడాన్ని ఒసాకా వాసులు 'కుయిదావొరె' అంటారు. ఆ మాటను నిందగా గాక గర్వంగానే చెప్పుకొంటారు!

దాని అర్థం తెలియాలంటే దీపాలు వెలిగే వేళకు దోతోంబోరి చేరాలి. 1612లో దోతోన్ అనే వర్తకుడు ఇక్కడ కాలువ త్రవ్వకం ప్రారంభించాడు. పని ముగియకముందే ఒసాకా కోట యుద్ధంలో మరణించాడు. బంధువులు 1615లో పూర్తిచేసిన ఆ కాలువకు అతని పేరే నిలిచింది. తరువాత ఒడ్డున నాటకశాలలు, వాటి ప్రేక్షకుల కోసం భోజనశాలలు వెలిశాయి. నాటకశాలలు చాలావరకు కనుమరుగైనా పొయ్యిలు మాత్రం ఆరలేదు. తెలుగువారి గుంతపొంగణాల పెనం వంటి దానిపై, ఆక్టోపస్ ముక్క పొదిగిన 'తకోయాకి' ఉండలు నేటికీ వీధిలోనే కాలుతుంటాయి.

ఆ కోలాహలానికి కూతవేటు దూరంలోనే హోజెంజి సందు. రాళ్లు పరచిన ఇరుకు దారి అది. రెండవ ప్రపంచయుద్ధపు బాంబుదాడిలో అక్కడి ఆలయం దగ్ధంకాగా, ఫుదో దేవుని విగ్రహం మిగిలింది. భక్తులు పోసే నీటితో దానిపై ముఖం కూడా పోల్చరానంతగా పచ్చని నాచు పెరిగింది. పొద్దుపోయాక కూడా అక్కడ దోసిలొగ్గి నిలిచేవారు కనిపిస్తారు.