అక్కరకు వచ్చే కానుక

పాఠ్యాంశ పరిచయం

వృద్ధాప్యంలో అనారోగ్యంతో బాధపడే తల్లిదండ్రులకు కానుకను ఎన్నుకోవడంలో బిడ్డలు చూపవలసిన వివేకాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. చేనేతకు, పానకాల స్వామికి ప్రసిద్ధమైన మంగళగిరి నుండి ఇందలి ఉదాహరణలు గ్రహించబడ్డాయి.

పాఠ్యాంశం

గుంటూరు జిల్లా మంగళగిరి కొండపై వెలసిన పానకాల నరసింహస్వామికి బెల్లపు పానకమే నైవేద్యం. అర్చకుడు శంఖంతో పానకాన్ని స్వామి నోట పోస్తాడు. ఎంత పెద్ద పాత్రతో సమర్పించినా స్వామి సగమే స్వీకరించి, తక్కిన సగాన్ని భక్తునికే ప్రసాదంగా విడిచిపెడతాడని జనుల విశ్వాసం. ఈ విశ్వాసంలో కానుకను గురించిన ఒక చక్కని భావం ఇమిడి ఉంది. కానుకకు కొలత ఇచ్చేవారి తాహతు కాదు, పుచ్చుకొనేవారి అవసరం.

వృద్ధులైన తల్లిదండ్రుల విషయంలో ఈ కొలత మరింత ముఖ్యం. స్వామికి ప్రీతిపాత్రమైన ఆ పానకమే మధుమేహం ఉన్న తల్లికి హాని చేస్తుంది. పండుగకు వచ్చే కుమారుడు ప్రేమతో తెచ్చిన మిఠాయిపొట్లం ఆమెకు పరీక్షగా మారుతుంది. తింటే జబ్బు, తినకుంటే బిడ్డ మనసు నొచ్చుకుంటుందన్న బెంగ. రక్తపోటు ఉన్న తండ్రికి ఆవకాయ జాడీ, మూత్రపిండాల వ్యాధి ముదిరినవారికి కొబ్బరిబొండాలు, అరటిపండ్లు కూడా ఇటువంటివే. ఆ పండ్లలోనూ నీళ్ళలోనూ ఉండే పొటాషియం అట్టివారికి ప్రమాదం కలిగించవచ్చు. కనుక తినుబండారం కొనే ముందు వైద్యుడు రాసిన చీటీని చదవడం ప్రేమలో ఒక భాగం.

మంగళగిరి చేనేతకు పుట్టినిల్లు. ఇక్కడి నేతగాడు గుంట మగ్గంపై కూర్చొని, కాళ్ళతో తొక్కుడు పలకలను తొక్కుతూ, చేతితో నాడెను ఆడిస్తూ పడుగు పేకలను కలుపుతాడు. ఏళ్ళ తరబడి వంగి చేసే ఈ పని నడుమును, మెడను, మోకాళ్ళను అరగదీస్తుంది. సన్నని పోగులను చూచి చూచి కళ్ళు అలసిపోతాయి. అట్టి తండ్రికి పట్నం నుండి వచ్చే ఖరీదైన మెత్తని సోఫా అక్కరకు రాదు. అందులో కూరుకుపోయిన మనిషి మోకాళ్ళ నొప్పితో లేవలేడు. కొంచెం ఎత్తుగా, చేతులు ఆనించుకొనే వీలుతో ఉండే గట్టి కుర్చీ ఆయనకు దివ్యౌషధంతో సమానం. కళ్ళజోడు అద్దాలను మళ్ళీ పరీక్ష చేయించి మార్చడం, ఆయన పత్రిక చదివే చోట మంచి దీపం అమర్చడం అంతకంటె గొప్ప కానుకలు.

వస్త్రం కొనేటప్పుడు కూడా ఇదే విచక్షణ అవసరం. మంగళగిరి నూలు చీరకు నిజాం అంచు అందం తెస్తుంది. జరీ అంచు బరువును మోయలేని తల్లికి మాత్రం చెమటను పీల్చే పలుచని నూలు చీర, గంజి పెట్టక ఉతికి మెత్తబరచినది, హాయినిస్తుంది. వ్రేళ్ళు వణికే తండ్రికి చిన్న గుండీల చొక్కా కంటె పెద్ద గుండీలు గల వదులైన చొక్కా మేలు. మధుమేహం ముదిరి పాదాలలో స్పర్శజ్ఞానం తగ్గినవారికి దెబ్బ తగిలినా తెలియదు. వారికి వైద్యులు సూచించే ఎం.సి.ఆర్. చెప్పులు పట్టుబట్టల కంటె విలువైనవి.

వృద్ధులకు ఇంటిలోనే పొంచి ఉండే శత్రువు పడిపోవడం. అనుకోకుండా జరిగే గాయాల వలన ప్రపంచంలో సంభవించే మరణాలకు రెండవ ప్రధాన కారణం పడిపోవడమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. స్నానాల గదిలో గోడకు బిగించిన పట్టుకడ్డీ, కాలు జారని చాప, మంచం నుండి మరుగుదొడ్డి వరకు రాత్రి వెలిగే చిన్న దీపం అత్యంత చవకైన రక్షణలు. చేతికర్ర కొనేటప్పుడు మనిషి చెప్పులు వేసుకొని నిటారుగా నిలిచి చేయి క్రిందికి వదిలితే, కర్ర పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. కొన రబ్బరు తొడుగుతో ఉండాలి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని తెలుగులో రాసిన గదులు గల మందులపెట్టె మరపును జయిస్తుంది.

అయితే వస్తువు ఎంత ఉపయోగకరమైనదైనా, అది గ్రహీత స్వాభిమానాన్ని గాయపరచరాదు. "నేనింకా నడవగలనయ్యా, కర్ర ఎందుకు?" అనే తండ్రి మాటలో మొండితనం కంటె భయమే ఎక్కువ. ఇతరులపై ఆధారపడుతున్నాననే తలంపు రోగం కంటె బాధ పెడుతుంది. అందువలన కర్రను తెచ్చి చేతిలో పెట్టక, ఆయననే దుకాణానికి తీసుకుపోయి ఎన్నుకోమనడం మంచిది. ఇక మగ్గం దిగిన నేతగానికి మనుమడు వచ్చి "తాతయ్యా, పడుగు ఎట్లా పోస్తారు?" అని అడిగి ఆయన మాటలను రాసుకొంటే, ఆయన అనుభవానికి విలువ దక్కుతుంది. తాను ఇంకా ఉపయోగపడుతున్నాననే తృప్తిని అంగడిలో కొనలేము.

కాలం కూడా కానుకే. మంగళగిరిలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 2019 నుండి బయటి రోగులకు సేవలు అందుతున్నాయి. అటువంటి పెద్ద ఆసుపత్రిలో ఏ గదికి పోవాలో, ఏ పరీక్ష ఎప్పుడో వృద్ధులకు ఒంటరిగా తెలుసుకోవడం కష్టం. ఒకరోజు సెలవు పెట్టి తల్లి వెంట వరుసలో నిలబడిన కుమార్తె ఇచ్చినది డబ్బుతో తూగనిది. ఆరోగ్యం అనుమతిస్తే కొండపైకి వాహనాల దారిన తీసుకుపోయి స్వామి దర్శనం చేయించడం, మెట్లెక్కలేని తల్లికి నెలల తరబడి మననం చేసుకొనే ఆనందం.

సమాజం కూడా ఈ బాధ్యతను గుర్తించింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. తమ కనీస అవసరాలు చూడాలనే షరతుపై తల్లిదండ్రులు ఆస్తిని దానంగా రాసి ఇచ్చిన తరువాత, పుచ్చుకొన్నవారు ఆ షరతును తప్పితే, వారు కోరినప్పుడు ట్రిబ్యునల్ ఆ దానాన్ని రద్దు చేయవచ్చునని ఆ చట్టంలోని 23వ సెక్షను చెబుతుంది. తల్లిదండ్రులు ఇచ్చిన కానుకను కాపాడుకోవడానికి న్యాయస్థానం మెట్లెక్కవలసి రావడం బిడ్డలకు తలవంపు. చట్టం అన్నం పెట్టించగలదు గాని, పలకరింపును ఇప్పించలేదు.

కానుక కొనే ముందు బిడ్డలు ఒక పూట తల్లిదండ్రుల వద్ద కూర్చొని గమనించాలి. ఎక్కడ తడబడుతున్నారు, ఏ పనికి ఇతరులను పిలవడానికి మొగమాటపడుతున్నారు, ఏ పనిని ఇంకా తామే చేసుకోవాలని కోరుకొంటున్నారు అన్నది తెలిస్తే ఏమి కొనాలో దానంతట అదే తెలుస్తుంది.

అర్థాలు

తాహతు = ఆర్థిక శక్తి
విచక్షణ = మంచిచెడ్డలు తెలుసుకొనే శక్తి
నాడె = మగ్గంలో పేకనూలును అటూ ఇటూ తీసుకుపోయే సాధనం
గ్రహీత = పుచ్చుకొనేవారు
మననం = మరల మరల తలచుకోవడం

ప్రశ్నలు

1. అనారోగ్యంతో ఉన్న వృద్ధులకు కానుకను ఎన్నుకోవడంలో పాటించవలసిన విషయాలను వివరించండి.
2. "చట్టం అన్నం పెట్టించగలదు గాని, పలకరింపును ఇప్పించలేదు." ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. చేతికర్ర ఎత్తును ఎట్లా నిర్ణయించాలి?
4. కింది పదాలను విడదీసి, సంధి పేరు తెలపండి: దివ్యౌషధం, స్వాభిమానం, అత్యంత.
5. మీ ఇంటిలోని లేదా ఇరుగుపొరుగులోని ఒక పెద్దవారిని ఒక పూట గమనించి, వారికి అక్కరకు వచ్చే కానుక ఏదో పది వాక్యాలలో రాయండి.